ఊకలో దాచిన గొంతు

మా అల్లుడు చలికాలం మొదలుకొని మొన్నటిదాకా మేడమీద గదిలో ఒక బల్ల కట్టుకున్నాడు. బల్ల అంటే మామూలు బల్ల కాదు. ఇనప చట్రం, దాని కాళ్ళ కింద స్ప్రింగులు, స్ప్రింగుల కింద రబ్బరు గిన్నెలు, అరకొక గ్రానైటు పలక, ఆ పలకకూ చట్రానికీ మధ్య మళ్ళీ ఏదో మెత్తటి వస్తువు. దాని మీద రికార్డు ప్లేయరు పెడితే వీధిలో ఎంత బరువు లారీ వెళ్ళినా ముల్లుకు తెలియదట. రాజమండ్రిలో మా అమ్మాయి వాళ్ళ ఇల్లు కడియం నుంచి మొక్కల లారీలు వచ్చే రోడ్డు పక్కనే కావడంతో, లారీ వెళ్ళినప్పుడల్లా వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గలగలమంటాయి. మొన్న ఆదివారం పని పూర్తయిందని నన్ను పైకి పిలిచి, కుర్చీ వేసి, నా అరచెయ్యి ఆ రాతి పలక మీద పెట్టించాడు. కింద లారీ వెళ్ళింది. నా కాళ్ళ కింద గచ్చు సన్నగా అదిరింది గాని చేతికింద రాయి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"చూశారాండీ అత్తయ్యగారూ, ఏమైనా తెలిసిందా అండి? మొట్టమొదట మీకిష్టమైందే వేద్దామని ఆగాను. ఏం వెయ్యమంటారో చెప్పండి" అన్నాడు సంబరంగా. నీ ఇష్టం బాబూ అని, మోకాళ్ళ నొప్పి వంక పెట్టి కిందికి వచ్చేశాను. పాపం, అంత కష్టపడి కట్టుకున్నవాడి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకోవడం బాగుండదు కదా. ఇలాంటి బల్ల ఒకటి మా ఇంట్లోనూ కట్టారు. కట్టింది మా వారు. ఆ సంగతి మా అమ్మాయికి కూడా సగమే తెలుసు. కరెంటు కోసం పడిగాపులు పడ్డవాళ్ళు, ప్లేయరు ముల్లు అరిగితే బస్సెక్కి పట్నం వెళ్ళి తెచ్చుకున్నవాళ్ళు, నా ఈడువాళ్ళు ఇంకా కొందరు మిగిలే ఉంటారు. వాళ్ళకైతే విడమరచి చెప్పనక్కరలేదని ఇప్పుడు రాస్తున్నాను.

నేను కాపురానికి వెళ్ళిన ఇల్లు కడియం దాటాక కాలువ వెంట కొంతదూరం పోతే, గట్టు దిగువన ఉండేది. పెంకుటిల్లు. దానికీ, పక్కనున్న బియ్యం మిల్లుకీ ఒకటే గోడ. ముందు మా ఇల్లే ఉండేదట, మా మావగారు తమ స్థలంలో సగం మిల్లువారికి ఇచ్చాక వాళ్ళు మా గోడకే తమ కప్పు దించుకున్నారు. మన డెల్టా మట్టి సంగతి తెలిసిందే కదా, ఎండాకాలంలో బీటలు వారి ఎంత గట్టిగా కనిపించినా నాలుగు అడుగులు తవ్వితే తడి తగులుతుంది. అలాంటి నేల మీద మిల్లు తిరగడం మొదలుపెడితే మా ఇల్లు చలిజ్వరం వచ్చినట్టు వణికేది. కొత్తలో నా పళ్ళు కూడా కదులుతున్నట్టు అనిపించేది, కొన్నాళ్ళకు ఎంత అలవాటయిందంటే మిల్లు ఆగితేనే ఉలిక్కిపడేదాన్ని.

మావగారిని నేను చూడలేదు, మా పెళ్ళికి ముందే పోయారు. పద్యనాటకాల్లో రాజు వేషాలు వేసేవారట. ఆయన వయసులో ఉండగా ఎవరో మద్రాసు తీసుకువెళ్ళి ఒక రికార్డు ఇప్పించారు. నల్లటి లక్క పలక, ఒకవైపు ఆయన పద్యం, రెండోవైపు మరెవరో పాడిన పాట. అది పెద్దగా అమ్ముడుపోలేదు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్కటి. ఫోటో అయినా సరైనది లేదు, ఉన్నదాంట్లో మీసం, కిరీటం తప్ప మనిషి కనిపించడు. కాబట్టి ఆయన అంటే ఆ పద్యమే.

మా అత్తగారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టుకుని, కాఫీ ముట్టకుండా ముందు ఆ పద్యం వినేవారు. వింటూ ఏడ్చేవారు కాదు, కళ్ళు మూసుకుని పరవశించేవారూ కాదు. చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుకుంటూ వినేవారు. భర్త పక్కగదిలో ఏదో పాడుకుంటుంటే భార్య తన పని తాను చేసుకుంటున్నట్టు ఉండేది.

చేత్తో తిప్పే పాత గ్రామఫోను స్ప్రింగు తెగిపోవడం, అదీగాక దాని ఉక్కుముల్లు రికార్డును గీకి తినేస్తోందని మా వారికి బెంగ పట్టుకోవడంతో, ఆయన మనసుపడి కరెంటు మీద నడిచే ప్లేయరు, ఆంప్లిఫయరు, నా నడుము ఎత్తున ఒక స్పీకరు పెట్టె తెచ్చారు. మా వారు కాలువ లాకుల ఆఫీసులో గుమస్తా. ఇంటికి రాగానే చొక్కా విప్పి ఆ తీగలతోనే సంసారం. ముల్లు తేలికదే గాని, తేలిక కావడమే తంటా తెచ్చింది. మిల్లు అదురుకు అది గాలికి ఎగిరిన గడ్డిపరకలా లేచి, మూడో పాదంలో ఎగిరి నాలుగో పాదంలో పడేది. పడ్డ ప్రతిసారీ ఒక గీత. ఇలా కొన్నాళ్ళు పోతే మూడో పాదమే కాదు, మొత్తం పద్యమే పోతుందని మా వారికి తెలుసు, అత్తగారికీ తెలుసు, ఇద్దరూ ఒకరితో ఒకరు అనుకునేవారు కాదు.

మిల్లు ఆగినప్పుడు వేసుకోవచ్చు కదా అని మా అమ్మాయి అడిగింది ఒకసారి. ఈ కాలం పిల్లలకు అలాగే తోస్తుంది. ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు వచ్చిందంటే మిల్లు తిరిగేది, మిల్లు ఆగిందంటే కరెంటు పోయిందని అర్థం. మిల్లు యజమాని మంచి రైతు, మర్యాదస్తుడు. పెద్దమ్మగారి పద్యం అయ్యేదాకా మోటారు వెయ్యనండి అని మాట ఇచ్చి కొన్నాళ్ళు నిలబెట్టుకున్నాడు కూడా. కాని గట్టు పొడుగునా ధాన్యం బళ్ళు బారులు తీరి, ఉన్న కరెంటు కాస్తా ఎప్పుడు పోతుందోనని రైతులు గోల పెడుతుంటే ఆయన మాత్రం ఏం చెయ్యగలడు? ఒకరోజు మా గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటుంటే అత్తగారే అన్నారు, "పోనీలే నాయనా, మా ఆయన పద్యం కోసం ఊళ్ళోవాళ్ళ పొయ్యిలు ఆపుతావా ఏంటి? నీ పని నువ్వు చేసుకో" అని.

ఇక అప్పటినుంచి మా వారికి ఒకటే ధ్యాస, ఇల్లు వణికినా ప్లేయరు వణకకూడదు. ముందు నా బొంతలన్నీ మడతలు పెట్టి దానికింద వేశారు, ప్లేయరు ఒకపక్కకు ఒరిగింది. సైకిలు ట్యూబులు వేశారు, ముల్లు ఎగరడం మాని ఊగడం మొదలుపెట్టింది. తరువాత వసారాలో ఉయ్యాల బల్ల మీద పెడితే నేలకు తగలదు కదా అని గొలుసులతో వేలాడదీశారు. నేల అదురు తగ్గిన మాట నిజమేగాని, ఉయ్యాల వేలాడే దూలం ఆనుకున్నది ఆ ఉమ్మడిగోడ మీదే. మిల్లులో ఉన్న అదురంతా గొలుసుల్లోంచి దిగివచ్చి రాజుగారి చేత నత్తి పలికించింది. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను, వెనకే అత్తగారూ వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవి బాగున్న రోజులు, ఇంకా ఏమీ పోలేదు.

ఊక సంగతి ఆయనకు తోచింది గుడ్లవాణ్ణి చూసి. అతను సంతకు వెళ్ళేటప్పుడు గతుకుల గట్టు మీద సైకిలు వెనక గుడ్ల బుట్ట కట్టుకుని దడదడమంటూ పోయేవాడు, ఒక్క గుడ్డు పగిలేది కాదు, బుట్టనిండా ఊక కాబట్టి. ఆలోచిస్తే మన వైపు సున్నితమైన వస్తువేదైనా ఊకలోనే కదా ప్రయాణం చేసేది. లాంతరు చిమ్నీలు ఊకలో వచ్చేవి, ఆవకాయ జాడీలు ఊకలో వచ్చేవి. పైగా గోడవతల మిల్లులో ఊక కొండలా పడి ఉండేది, ఎంత కావాలంటే అంత తీసుకోమన్నారు. అదిరించే మిల్లే అదురుకు మందు కూడా ఇస్తోందని మా వారు మురిసిపోయారు. ఊకదంపుడు మాటలు విన్నానుగాని ఊకతో సంగీతం ఇప్పుడే వింటున్నానని నేను వేళాకోళం చేశాను.

వడ్రంగి వచ్చాడు. ఇంట్లో పాత టేకు మంచం ఒకటి ఉంటే దాని కోళ్ళు, పట్టెలు బల్లకు కాళ్ళయ్యాయి. అరలకు టేకు చాలక మామిడిచెక్క వేశారు. ఒక్కో అర ఒక్కో పెట్టె, పెట్టెనిండా కూరిన ఊక, ఊక మీద తేలుతున్నట్టు రెండో పలక. కాళ్ళు నేలకు ఆనకుండా ఇసుక నింపిన డబ్బాల్లో నిలబెట్టారు. అన్నిటికన్నా పైఅర మీద ఒక బరువైన నాపరాయి పలక వేయించారు, తేలికైన వస్తువు ఊరికే అదురుతుంది, బరువుంటే కుదురుగా ఉంటుందని. ఆ రాయి మీద ప్లేయరు. ఊక కారిపోకుండా గోనెపట్టాలతో సంచులు నేనే కుట్టాను, అత్తగారు పక్కన కూర్చుని దబ్బనంలోకి పురికొస ఎక్కించి ఇచ్చారు. ఇంటిల్లిపాదీ ఏదో శుభకార్యానికి పనిచేస్తున్నట్టు చేశాం.

కరెంటు వచ్చింది, గోడవతల మిల్లు అందుకుంది, గూట్లో దీపపు కుంది అదురుతోంది. మా వారు ముల్లు దించారు. మొదటి పాదం, రెండో పాదం, ఆ తరువాత ఎన్నాళ్ళుగానో పూర్తిగా వినని మూడో పాదం. ఆ గొంతు మెట్లెక్కినట్టు పైకి పైకి వెళ్ళి, అక్కడ ఊపిరి తీసుకోకుండా నిలబడి, నెమ్మదిగా నాలుగో పాదంలోకి దిగింది. అత్తగారి చేతిలో చాట అలాగే ఉండిపోయింది. అప్పుడు మాత్రం ఏడ్చారు. ఇక్కడ ఊపిరి తీసుకోవద్దని గురువు కొట్టి నేర్పాడట్రా ఆయనకి, నేను మర్చిపోయానురా ఈ ముక్క, అని మా వారి జబ్బ పట్టుకున్నారు. మా వారు అంత గర్వంగా నిలబడి ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

రికార్డు దాచడానికి కూడా ఆయన ఆ బల్లలోనే చోటు చేశారు. అట్టడుగు అరలో ఊక మధ్య గూడులాగా చేసి, అట్టతొడుగుతో సహా అందులో నిలబెట్టేవారు. చిమ్నీ పగలని చోట రికార్డు మాత్రం ఎందుకు పగులుతుంది? ఆ మాట మాకెవరికీ తప్పుగా తోచలేదు. మన వైపు పుట్టి పెరిగినవాళ్ళెవరికీ తోచదు. ఊక ప్రయాణానికి మంచిదేగాని కాపురానికి మంచిది కాదని, తడినేల మీద అది నెమ్ము పీల్చుకుని కూర్చుంటుందని, తరువాత అందరం అన్నాం.

ఆ ఏడు అత్తగారి కళ్ళకు శుక్లాలు ముదిరి రాజమండ్రిలో ఆపరేషను చేయించాల్సి వచ్చింది. అప్పట్లో అది ఇప్పటిలా పొద్దున్న వెళ్ళి సాయంత్రం వచ్చేది కాదు, కళ్ళకు కట్లు కట్టి కదలకుండా పడుకోబెట్టేవారు. మా అన్నయ్యగారి ఇంట్లో మకాం పెట్టాం. బయలుదేరే ముందు మా వారు ప్లేయరును, ఆంప్లిఫయరును దొంగల భయానికి బీరువాలో పెట్టి తాళం వేశారు. రికార్డుకు అంతకన్నా భద్రమైన చోటు లేదని ఊకలోనే ఉంచారు. శ్రావణం వానలు పట్టుకున్నాయి. కాలువ నిండింది, గట్టు ఊటలెత్తింది. కట్లు కట్టిన కళ్ళతో అత్తగారు పడుకుని, చూపు వచ్చాక ఏం చూడాలని ఉందని పలకరించిన వాళ్ళకల్లా, చూసేదేముందమ్మా, ఇంటికెళ్ళి పద్యం వినాలి అని చెప్పేవారు.

ఇంటికి వచ్చి తలుపు తియ్యగానే పుట్టగొడుగుల వాసన. ఉమ్మడిగోడ సగానికి తడిసి నల్లబడింది. ఆ గోడ వారగా చెదలు లేచి, ఇసుక డబ్బాల మీదుగా టేకు కాళ్ళను కొరక్కుండా వాటి మీదే మట్టిదారులు వేసుకుని, పైకెక్కి మామిడిచెక్కను గుల్ల చేశాయి. గోనెసంచులు పీలికలై, తడిసిన ఊక బూజుపట్టి ముద్దలుగా కింద పడి ఉంది. పట్టు తప్పిన నాపరాయి పైఅరలోంచి జారి, నడిమి అరను చీల్చుకుని, అడుగు అరలో రికార్డు మీద పడింది. రాయి ఎత్తి చూస్తే అట్టతొడుగు చెదలపాలై పోయింది, దానికింద లక్క పలక ముక్కలు ముక్కలుగా, కొన్ని పొడిగా.

మా వారు ఆ ముక్కలన్నీ ఏరి పళ్ళెంలో పెట్టుకుని కూర్చున్నారు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్న అత్తగారు మంచం మీద నుంచి, ఏంట్రా అబ్బాయ్, కరెంటు లేదా, అని అడిగారు. జరిగింది నేనే చెప్పాను. ఆవిడ మెల్లగా, కళ్ళద్దాలు తియ్యకుండానే, "నువ్వు అన్నం తిన్నావా నాన్నా?" అని అడిగారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాటే ఆయన్ని చంపేసింది.

ఆ తరువాత ఇంకో రికార్డు దొరుకుతుందేమోనని ఆయన తిరగని ఊరు లేదు. పాత నాటక సమాజాల వాళ్ళ ఇళ్ళకు, పాతసామాన్ల దుకాణాలకు, మొగల్తూరులో ఎవరో పాత రికార్డులు పోగుచేస్తారంటే అక్కడికి, చొక్కా సంచిలో పెట్టుకుని వెళ్ళి వట్టిచేతులతో వచ్చేవారు. ఎక్కడా దొరకలేదు. బల్లను విరగ్గొట్టి పొయ్యిలో పెట్టేశారు. ఇంతలో పెద్ద పెద్ద మిల్లులు వచ్చి, పక్కనున్న మిల్లు నడవక మూతపడింది. ఇల్లు అదరడం మానేసింది. కరెంటు ఉండేది, నేల కుదురుగా ఉండేది, ప్లేయరు బీరువాలో ఉండేది. కాస్త ఆగి ఉంటే ఏ ఊకా అక్కరలేకపోయేదని మా వారు తెల్లారి లేచి ఆ నిశ్శబ్దంలో కూర్చుని, మిల్లు గోడ వంక చూస్తూ కాఫీ చల్లార్చుకునేవారు.

అత్తగారికి మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. పొద్దున్నే దీపం పెట్టుకుని బియ్యం చాట ముందేసుకుని కొడుకును పిలిచేవారు. లాకుల్లో నీళ్ళెంత ఉన్నాయిరా, కొబ్బరికాయల ధర ఎలా ఉందిరా, నిన్న బస్సులో ఎవరు కనిపించారురా అని అక్కరలేనివన్నీ అడిగేవారు. ఆయన చెబుతుంటే ఆవిడ రాళ్ళు ఏరుకుంటూ వినేవారు. ఇదేం చాదస్తం అనుకునేదాన్ని. ఆవిడ మంచాన పడ్డాక, ఒకరోజు ఆయన ఆఫీసుకు వెళ్ళాక, నా చెయ్యి పట్టుకుని చెప్పారు, వాడి గొంతు అచ్చం వాళ్ళ నాన్నదేనే అమ్మాయ్, పాడడం రాదుగాని మాట్లాడితే ఆయనే, అని. ఆ మాట నేను మా వారికి చెప్పనేలేదు. చెబితే ఆ మాత్రం మాట్లాడడం కూడా మానేస్తారేమోనని భయం.

ఆవిడ పోయాక ఇంట్లోకి టేపురికార్డరు వచ్చింది, మా అమ్మాయి ముచ్చటపడి కొనిపించుకుంది. అందరి మాటలూ ఇందులో పట్టి ఉంచుతాను నాన్నా అని అది వెంటపడితే, సరదా మనిషి, ఎన్నడూ దాన్ని కసరని మా వారు గట్టిగా కసిరారు. "వద్దు. దాచుకున్న గొంతు పోతే మనిషి రెండుసార్లు పోతాడు. ఒక్కసారి చాలు" అన్నారు. మా ఇంట్లో ఎవరి గొంతూ ఎక్కడా పట్టుకోకూడదు, అదొక నియమం అయిపోయింది. ఆయన మాట కాదనడం మాకు తెలియదు. సెల్‌ఫోన్లు మా ఊరికి రాకముందే, ఒక మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి అలాగే వెళ్ళిపోయారు.

ఇప్పుడు చూడండి, ఎవరి గొంతూ పోవడం లేదు. మా మనవరాలు నేను దగ్గినా ఫోనులో పట్టి వాళ్ళ స్నేహితులకు వినిపిస్తుంది. పక్కింటావిడ కూరగాయలవాడితో బేరం కూడా ఎక్కడో భద్రంగా ఉంటుంది. మనకు మాత్రం ఒక మనిషికి ఒక పలక ఉండేది, అది పోతే ఆ మనిషి లేడు. ఆ రోజుల్లో అన్నీ బాగుండేవని అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఒక గొంతు కోసం ఇల్లంతా ఊక మోసిన రోజులు అవి, మోసీ నిలుపుకోలేకపోయాం.

మా వారిని కదిలేటట్టు చూడాలంటే మా అమ్మాయి పెళ్ళి వీడియో ఒక్కటే ఉంది. నేను దిగులుగా కిందికి వచ్చేయడం కనిపెట్టాడో ఏమో, మా అల్లుడు నిన్న దాన్ని వెతికి తీసి, తన స్పీకరు పెట్టెలకు తగిలించి, కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. మీకు తెలుసుగా ఆ కాలపు పెళ్ళి వీడియోలు ఎలా ఉండేవో. పెళ్ళివారి మాటలు తీసేసి మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలు అతికించేవాళ్ళు. మా వారు అల్లుడి కాళ్ళు కడుగుతున్నారు, లేచి, అతని చెవి దగ్గరికి వంగి చాలాసేపు ఏదో చెబుతున్నారు, పెదవులు కదులుతున్నాయి, చెయ్యి కూడా ఊపుతున్నారు. పైన ఎవరిదో యుగళగీతం, ఒక్క వణుకు లేకుండా, ఎంత స్పష్టంగా ఉందో చెప్పలేను.

ఆయన అన్న మాటలు నాకు చాలా గుర్తున్నాయి. ఆ మాటలన్న గొంతు మాత్రం ఎంత తలుచుకున్నా చెవికి రావడం లేదు, నా గొంతుతోనే వినిపిస్తున్నాయి. అందుకే అడిగాను, అక్కడ మీ మావగారు నీతో ఏమన్నారు బాబూ అని. అల్లుడు ఆ బొమ్మను అక్కడే ఆపి, చాలాసేపు చూసి, "సన్నాయిల గోలలో అప్పుడే సరిగ్గా వినపడలేదండీ అత్తయ్యగారూ, నేను ఊరికే తల ఊపానండి" అన్నాడు.